సందు 1.55 మి.మీ., పూస 1.4 మి.మీ., అయినా ఎందుకు ఇరుక్కుంటోంది?

గాజుపూస:
పది రోజులుగా ఇదే గొడవ. 10 మి.మీ. గాజు పూసలతో 300 మి.మీ. ఎత్తు బెడ్ పేర్చి, పైనుంచి 1.4 మి.మీ. పూసలు వదులుతున్నాను. గాలి లేదు, సొంత బరువుకి జారడమే. ల్యాబ్‌లో గుప్పెడు పోస్తే దాదాపు అన్నీ ట్రేలోకి వచ్చేస్తున్నాయి. డీఈఎంలో (ఒక్కో పూస కదలికనీ విడిగా లెక్కగట్టే కంప్యూటర్ సిమ్యులేషన్) మాత్రం సగం లోతు దాకా చక్కగా దిగి, అక్కణ్ణుంచి ఇరుక్కుంటున్నాయి. ఫ్రిక్షన్ 0.5 నుంచి 0.1కి తగ్గించాను. వేగం మారింది గానీ ఇరుక్కునే చోటు మారలేదు. ఒకదానికొకటి తగిలే మూడు పూసల మధ్య సందు పెద్ద పూస వ్యాసంలో 0.1547 వంతు కదా, పట్టాలి మరి!

పాతకాపు:
సిమ్యులేషన్‌లో యంగ్స్ మాడ్యులస్ (పదార్థం ఎంత గట్టిదో చెప్పే విలువ) ఎంత పెట్టారు?

గాజుపూస:
1 మెగాపాస్కల్. గాజుకి 70 గిగాపాస్కల్ దాకా ఉంటుందని తెలుసు. అది పెడితే టైమ్‌స్టెప్ (లెక్క ఒక్కో అడుగులో ముందుకు జరిపే సమయం) మరీ చిన్నదై రన్ తెమలదు. అందరూ తగ్గిస్తారు కదండీ?

పాతకాపు:
తగ్గిస్తారు. మీకు మాత్రం అదే కొంప ముంచింది. పైబరువుకి పెద్ద పూసలు ఒకదాంట్లోకి ఒకటి దిగబడుతున్నాయి. ఈ దిగబాటు, అంటే ఓవర్‌ల్యాప్, వ్యాసంలో 1 శాతం ఉంటే సందు 1.43 మి.మీ.కి తగ్గుతుంది, మీ పూస ఒరుసుకుంటూ పోతుంది. 2 శాతం అయితే 1.32, ఇక పోదు. లోతు పెరిగే కొద్దీ బరువు ఎక్కువ కాబట్టి సగం నుంచే మొదలు. నేనూ ఒకప్పుడు ఇలాగే నెల రోజులు ఫ్రిక్షన్‌ని తిట్టుకున్నాను.

ముందు పెద్ద పూసల్ని ఒక్కటే 100 మెగాపాస్కల్‌తో పేర్చండి. చిన్నవి లేవు కాబట్టి టైమ్‌స్టెప్ అంత ఇబ్బంది పెట్టదు. ఓవర్‌ల్యాప్ సుమారు ఇరవయ్యో వంతుకి పడిపోతుంది. తర్వాత బెడ్‌ని ఫ్రీజ్ చేసి, అంటే కదలకుండా బిగించి, చిన్నవి వదలండి. వాటికి మాత్రం మరీ మెత్తటి విలువ వద్దు, తగిలిన ఊపుకే నలిగి సందులో దూరిపోతాయి.

పొడిపొడి:
ఫ్రీజ్ చేస్తే ఢీకొన్నప్పుడు ఎగిరే తీరు మారదా?

పాతకాపు:
పెద్ద పూస 364 రెట్లు బరువండీ. వదిలేసినా కదలదు.

గాజుపూస:
ఇప్పుడే కొలిచాను. మధ్యలో ఓవర్‌ల్యాప్ 0.2 మి.మీ., అట్టడుగున 0.3. పది రోజుల్లో ఒక్కసారి కూడా ఫలితాల పట్టికలో ఆ కాలమ్ తెరిచి చూడలేదు. కొత్త బెడ్ పేరుతోంది.