‘రాజ్యపాలకురాలు’ అనాలా, ‘గవర్నరు’ అనాలా?

ప్రశ్న: వి.ఎస్. రమాదేవి గారి జీవితంపై చిన్న వ్యాసం రాస్తున్నాను. అందులో “ఆమె 1997లో హిమాచల్ ప్రదేశ్ గవర్నరై, ఆ తర్వాత 1999 డిసెంబరు నుంచి 2002 ఆగస్టు వరకు కర్ణాటకను పాలించారు” అన్న వాక్యం ఉంది. చదివిన మిత్రులొకరు ‘గవర్నరు’ తీసేసి ‘రాజ్యపాలకురాలు’ అని పెట్టమన్నారు. పెద్దలు ఏది సరి అంటారో చెప్పగలరు.

జవాబు: మీ వాక్యంలో దిద్దవలసిన మాట ‘పాలించారు’ అండీ, గవర్నరును అలాగే ఉంచండి. రాజ్యాంగం 154వ అధికరణం రాష్ట్ర కార్యనిర్వాహక అధికారాన్ని గవర్నరుకు అప్పగించినా, 163వ అధికరణం ముఖ్యమంత్రి నాయకత్వంలో సలహా ఇచ్చే మంత్రిమండలిని పెట్టింది కనుక, కొద్దిపాటి విచక్షణాధికారాలు మినహా, ఉత్తర్వులు గవర్నరు పేరిట వెలువడినా నిర్ణయాలు మంత్రులవే. రమాదేవి గారి హయాంలో బెంగళూరులో ఉన్నది ఎస్.ఎం. కృష్ణ గారి ప్రభుత్వం. కాబట్టి ‘కర్ణాటక గవర్నరుగా పనిచేశారు’ అనండి చాలు.

ఇక మాట సంగతి. హిందీలో ‘రాజ్య’ అంటే మన రాష్ట్రం, ‘రాష్ట్ర’ అంటే దేశం లేదా జాతి. అందుకే వారికి రాజ్యపాల్, రాష్ట్రపతి అన్న జంట చక్కగా కుదిరింది. మనకు రాజ్యం అనగానే రాజు, కోట, సింహాసనం గుర్తుకొస్తాయి. రాష్ట్రం అంటే ఆంధ్రప్రదేశో తెలంగాణో. రాష్ట్రపతి అన్న మాటను ఉన్నదున్నట్టు తెచ్చుకోవడం వల్ల, రాష్ట్రానికి ముఖ్యమంత్రి ఉండగా దేశానికి రాష్ట్రపతి ఏమిటని బడిపిల్లలు తికమకపడటం మనం చూస్తూనే ఉన్నాం. రాజ్యపాలుణ్ణి కూడా తెచ్చుకుంటే, భూపాలుడి పక్కన ఇంకో రాజును నిలబెట్టినట్టవుతుంది. కన్నడిగులకు ఈ చిక్కు లేదు. వారు ‘కర్ణాటక రాజ్య’ అనే అంటారు కనుక అక్కడ రమాదేవి గారు నిక్షేపంగా ‘రాజ్యపాలరు’. తమిళుల ‘ఆళునర్’ ఇంకా సొంపైన మాట. అందులోని ‘ఆళ్’ ధాతువుకు మన ‘ఏలు’ తోబుట్టువే. కానీ మన ‘ఏలిక’ ఎప్పుడో ప్రభువుకు అంకితమైపోయింది.

ఇంకొక్క మాట. రమాదేవి గారు 1990లో సుమారు రెండు వారాలు ప్రధాన ఎన్నికల కమిషనరుగా, 1993 నుంచి రాజ్యసభ సెక్రటరీ జనరల్‌గా పనిచేశారు. ఆ రెండు పదవుల్లోనూ, కర్ణాటక రాజ్‌భవన్‌లోనూ ఆమే తొలి మహిళ. కమిషనరునూ సెక్రటరీనీ ముట్టుకోని మీ మిత్రులకు గవర్నరు మీదే ఎందుకు కన్నుపడిందో నాకు బోధపడలేదు. గవర్నరుకు, గవర్నర్లు, గవర్నరుగారు అంటూ మన విభక్తులన్నీ తొడుక్కున్న మాట అది; పైగా ఆడ, మగ తేడా లేకుండా అందరికీ సరిపోతుంది.

మళ్లీ ప్రశ్న: ధన్యవాదాలండీ, దిద్దుకుంటాను. గవర్నరు పదవీకాలం గురించి రాజ్యాంగం హిందీ ప్రతిలో ‘ప్రసాదపర్యంత్’ అని ఉంది. దానిని ‘ప్రసాదం ఉన్నంతవరకు’ అనవచ్చునా?

జవాబు: అంటే, గుడిలో పులిహోర అయిపోయేదాకా అనుకుంటారు! సంస్కృతంలో ప్రసాదమంటే అనుగ్రహం, ప్రసన్నత. తెలుగులో ఆ అర్థం ‘గురుప్రసాదం’ వంటి సమాసాల్లోనే మిగిలింది. ‘రాష్ట్రపతి అభీష్టం ఉన్నంతవరకు’ అనండి. 156వ అధికరణం ముందుగా ఆ షరతు పెట్టి, దానికి లోబడే ఐదేళ్ల గడువు చెప్పింది. కనుక ‘గవర్నరు పదవీకాలం ఐదేళ్లు’ అని మాత్రమే రాసి వదిలేస్తే సగం చెప్పినట్టే. కొణిజేటి రోశయ్య గారు 2011 నుంచి 2016 వరకు తమిళనాడులో ఐదేళ్లూ నిండుగా ఉన్నారు. రమాదేవి గారు రెండు రాష్ట్రాల్లోనూ మూడేళ్లు నిండకుండానే పదవి వీడారు. అందుకే వ్యాసంలో ‘పదవీకాలం పూర్తిచేశారు’ అన్న మాట వాడకుండా, నెలలు, సంవత్సరాలు మాత్రం ఇవ్వండి.