డిప్రెషన్ కారణంగా అమెరికా ఆర్మీ నుంచి డిశ్చార్జ్, కోడ్ ఆర్‌ఈ-3: మళ్లీ చేరే దారి ఉందా?

గోరువంక (ప్రశ్న):
అందరికీ నమస్కారం. తమ్ముడి తరఫున అడుగుతున్నాను. అమెరికా ఆర్మీలో రెండున్నరేళ్లు చేశాడు. 2022లో డిప్రెషన్ అని పంపించేశారు. డీడీ-214లో (సర్వీసు ముగిసినప్పుడు ఇచ్చే పత్రం) డిశ్చార్జ్ ఆనరబుల్ అనే ఉంది. 27వ గడిలో ఆర్‌ఈ-3 (మళ్లీ చేరొచ్చో లేదో చెప్పే కోడ్), 28వ గడిలో ‘కండిషన్, నాట్ ఎ డిజెబిలిటీ’ (వైకల్యం కాని ఆరోగ్య సమస్య) అని రాశారు. ఆస్పత్రిలో ఎప్పుడూ చేర్చలేదు. బయటికొచ్చాక పది నెలలు కౌన్సెలింగ్‌కి వెళ్లాడు, సెర్ట్రలీన్ అనే డిప్రెషన్ మందు వాడాడు. ఇప్పుడు బాగున్నాడు, మళ్లీ చేరతానని పట్టుబట్టాడు. ఒక రిక్రూటర్ ఫోన్‌లోనే కుదరదన్నాడట. ఇంకొకాయన పాత సంగతి రాయకుండా ఫారం నింపేయమన్నాడట. ఎవరి మాట వినాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతపటాలం:
దాచమన్న మనిషి దగ్గరికి మళ్లీ వెళ్లొద్దని చెప్పండి. వైద్యపరీక్ష జరిగే మెప్స్ కేంద్రాల్లోకి 2022లో జెనెసిస్ అనే మిలిటరీ ఎలక్ట్రానిక్ రికార్డు వచ్చింది. సర్వీసులో ఉండగా డాక్టర్లు రాసినవి అక్కడ తెరిస్తే కనబడతాయి. బయట చేయించుకున్న వైద్యం, కొన్న మందుల వివరాలు కూడా చాలావరకు అందులోకి వచ్చేస్తాయి. దాచి చేరడం సైనిక చట్టం 104ఏ కింద నేరం. చేతిలో ఉన్న ఆనరబుల్ డిశ్చార్జ్ పక్కన ఇంకో చెడ్డ డిశ్చార్జ్ ఎందుకు తెచ్చుకోవాలి?

కుదరదన్న ఆయనదీ తొందరపాటే. ఆర్‌ఈ-4 అయితే దాదాపు తలుపు మూసుకున్నట్టే. ఆర్‌ఈ-3 అంటే వేవర్ (నిబంధన నుంచి మినహాయింపు) దొరికితే చేరొచ్చని అర్థం. కానీ ఇక్కడ వేవర్లు రెండు కావాల్సి రావచ్చు: కోడ్‌కి ఒకటి, జబ్బు చరిత్రకి ఇంకొకటి. మొదటిది వచ్చిందని సంబరపడి రెండోదాని దగ్గర ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

వైద్య ప్రమాణాలు రక్షణశాఖ నిబంధన డీఓడీఐ 6130.03 మొదటి సంపుటంలో ఉంటాయి. డిప్రెషన్ విషయంలో వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అనర్హతే: కౌన్సెలింగ్‌తో సహా వైద్యం మొత్తం 12 నెలలు దాటడం, గత 36 నెలల్లో లక్షణాలో వైద్యమో ఉండడం, ఆస్పత్రిలో ఉంచి వైద్యం చేయడం, జబ్బు తిరగబెట్టడం, ఆత్మహత్య ఆలోచన గానీ ప్రయత్నం గానీ ఉండడం. ఆ 12 నెలలు వరసగా ఉండనక్కర్లేదు, అన్నీ కలిపి లెక్క. బయట పది నెలలంటున్నారు. యూనిఫాంలో ఉండగా బిహేవియరల్ హెల్త్ క్లినిక్‌కి వెళ్లిన కాలం కూడా కలిపి చూడండి, 12 దాటేసి ఉండొచ్చు. దాటితే దారి మూసుకుపోయినట్టు కాదు, వేవర్ తప్పనిసరి అవుతుంది, అంతే.

36 నెలల లెక్క చివరి మాత్ర నుంచి, చివరి సెషన్ నుంచి మొదలవుతుంది. ఎందుకైనా మంచిదని తెచ్చి అలమరలో పెట్టుకున్న రీఫిల్ తేదీ కూడా రికార్డులో పడుతుంది.

ఇది మాత్రం మీ తమ్ముడికి చదివి వినిపించండి. ఆ లెక్క మొదలవ్వాలని ఎవరూ మందు సొంతంగా ఆపేయకూడదు. సెర్ట్రలీన్ లాంటిది ఒక్కసారిగా మానేస్తే కళ్లు తిరుగుతాయి, నిద్ర చెడుతుంది, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమంటుంది. పైగా జబ్బు తిరగబెట్టే ప్రమాదం. ఆపాలా, ఎంత నెమ్మదిగా తగ్గించాలి అన్నది డాక్టరే చెప్పాలి. మందు ఇంకా అవసరమైతే చేరడం ఆగినా ఫర్వాలేదు, మనిషి ముఖ్యం. ఎప్పుడైనా మనసు మరీ కుంగితే 988కి చేసి 1 నొక్కమనండి. మాజీ సైనికుల కోసం ఆ లైన్ పగలూ రాత్రీ ఉంటుంది.

దస్తావేజు:
పైన చెప్పినదానికి కాగితాల సంగతి కలుపుతాను.

ముందు డీడీ-214 ‘మెంబర్-4’ కాపీ ఉందో లేదో చూడండి. మెంబర్-1 కాపీలో కోడ్, కారణం ఉండే గడులు ఉండవు. రిక్రూటర్ దాన్ని చూసి ఏమీ చెప్పలేడు. 26వ గడిలోని మూడక్షరాల కోడ్ కూడా రాసుకోండి. జేఎఫ్‌వీ అంటే ‘కండిషన్, నాట్ ఎ డిజెబిలిటీ’. జేఎఫ్‌ఎక్స్ అయితే పర్సనాలిటీ డిజార్డర్, దానితో వేవర్ ఇంకా కష్టం.

తర్వాత ఎస్ఎఫ్-180 ఫారంతో సెయింట్ లూయిస్ రికార్డుల కేంద్రం నుంచి సర్వీసు ఫైలు మొత్తం అడగండి. కమాండర్ ఇచ్చిన నోటీసు, అప్పటి డాక్టరు రాసిన మూల్యాంకనం అందులో ఉండాలి. వైద్య రికార్డులు వీఏ (మాజీ సైనికుల శాఖ) నుంచి విడిగా అడగాలి. రిక్రూటర్ దగ్గరికి వెళ్లేముందే ఇవన్నీ మీరు చదవండి. మీకు చెప్పిన జబ్బు ఒకటి, ఫైల్లో రాసింది ఇంకొకటి అయి ఉండొచ్చు.

ఇప్పటి సైకియాట్రిస్ట్ ఉత్తరం మీదే చాలా ఆధారపడుతుంది. ‘సర్వీసుకి ఫిట్’ అని రెండు లైన్లు రాయించుకొస్తే పనికిరాదు. జబ్బు పేరు, ఎప్పుడు మొదలైంది, దేనివల్ల, ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములు, మొదటి మాత్ర ఏ తేదీ, చివరి మాత్ర ఏ తేదీ, ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగితే ఏం చెప్పాడు, పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ తీవ్రత కొలిచే ప్రశ్నావళి) స్కోరు అప్పుడెంత, ఇప్పుడెంత, మందు లేకుండా ఉద్యోగం, చదువు, నిద్ర ఎలా సాగుతున్నాయి, ఇవన్నీ ఉండాలి. తేదీలు ఫార్మసీ ప్రింటవుట్‌తో సరిపోవాలి. ఒక్క నెల తేడా వచ్చినా ఫైలు వెనక్కి వస్తుంది.

రిక్రూటర్ వైద్య చరిత్ర అడిగే 2807-2 ప్రీస్క్రీన్ ఫారంతో కలిపి ఇవన్నీ మెప్స్‌కి పంపుతాడు. అక్కడ ‘పర్మనెంట్లీ డిస్‌క్వాలిఫైడ్’ అని రావచ్చు. ఆ మాట చూసి గుండె జారనివ్వకండి. ఆ ముద్ర పడ్డాకే వేవర్‌కి పంపుతారు. వేవర్ అభ్యర్థి సొంతంగా పెట్టుకునేది కాదు, రిక్రూటింగ్ వాళ్లే పంపాలి. అందుకే కష్టపడే రిక్రూటర్‌ని వెతుక్కోవడం సగం పని. ఆర్మీ కాదన్నా నేవీ విడిగా చూస్తుంది, ఎవరి వేవర్ వాళ్లదే.

గోరువంక:
చాలా థాంక్సండీ. ఇంకో మూడు అనుమానాలు. కోడ్ మార్పించుకుంటే ఈ బాధ తప్పుతుందా? నేషనల్ గార్డ్ సులువంటున్నారు, నిజమేనా? డిప్రెషన్‌కే వీఏ 30 శాతం వైకల్య రేటింగ్ ఇచ్చి డబ్బు ఇస్తోంది, అది అడ్డమా?

దస్తావేజు:
కోడ్ మార్చినా ఫైల్లో రోగనిర్ధారణ చెరిగిపోదు, మెప్స్ దాన్నే చూస్తుంది. ఆ రోగనిర్ధారణే తప్పనడానికి ఆధారం ఉంటేనే ఈ శ్రమ పడండి. డిశ్చార్జ్ రివ్యూ బోర్డుకి డీడీ-293, గడువు 15 ఏళ్లు. రికార్డుల సవరణ బోర్డుకి డీడీ-149, తప్పు తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లు. న్యాయం కోసం అవసరమనిపిస్తే ఈ గడువు బోర్డు సడలించగలదు. మానసిక ఆరోగ్యం కారణమైన కేసులను ఉదారంగా చూడాలని 2014లో, 2017లో రక్షణశాఖ బోర్డులకు ఆదేశాలిచ్చింది, వాటిని అర్జీలో ప్రస్తావించండి.

గార్డ్‌కీ అదే 6130.03. సులువేం కాదు.

పాతపటాలం:
వీఏ సంగతి. రేటింగ్ ఉండడమే నిషేధం కాదు. కానీ ‘లక్షణాలు ఇంకా ఉన్నాయి’ అని వీఏకి, ‘ఏమీ లేవు’ అని మెప్స్‌కి చెబితే రెండు కాగితాలూ పక్కపక్కనే పెట్టి చూస్తారు. వీఏ పరీక్ష రిపోర్టు తెప్పించుకుని మీ తమ్ముడి ఇప్పటి పరిస్థితితో పోల్చండి. యాక్టివ్ డ్యూటీలో చేరిన రోజు నుంచి వీఏ డబ్బు ఆగాలి. చెప్పకుండా తీసుకుంటే అప్పుగా తిరిగి వసూలు చేస్తారు. రిజర్వ్, గార్డ్ అయితే డ్రిల్ చేసిన రోజులకి రెండు జీతాలూ రావు, 21-8951 ఫారంలో ఒకటి వదులుకోవాలి.

ఈ థ్రెడ్ చదివే మిగతావాళ్ల కోసం: మిమ్మల్ని టీడీఆర్‌ఎల్‌లో, అంటే తాత్కాలిక వైద్య రిటైర్మెంట్ జాబితాలో పెట్టి ఉంటే మీ దారి వేరు. గరిష్ఠంగా 3 ఏళ్లు ఆ జాబితాలో ఉంచుతారు, కనీసం 18 నెలలకోసారి పరీక్షిస్తారు. అప్పుడు ఫిట్ అని తేలితే తిరిగి సర్వీసులోకి వెళ్లే అవకాశం ఆ బోర్డు ద్వారానే వస్తుంది. ఆ పరీక్షకి పిలిచినప్పుడు వెళ్లకపోతే జీతం ఆగిపోతుంది. ఇల్లు మారినప్పుడల్లా కొత్త చిరునామా వెంటనే తెలియజేయండి.