ఐసు ట్రే: పేరు తెలుగులో ఉండాలా, క్రియలు తెలుగులో ఉండాలా?

పదగవేషి:

నమస్కారం. ఇంటి సామాన్ల వాడుక సూచనలను తెలుగులో రాసే పని ఒకటి చేపట్టాను. ఫ్రీజరులో ఐసు ముక్కలు తయారుచేసుకునే ట్రేలను ఎలా ఎంచుకోవాలి, ఎలా వాడుకోవాలి అన్న భాగానికి వచ్చేసరికి వస్తువు పేరు దగ్గరే కలం ఆగిపోయింది. 'హిమఘన ఫలకం' అని ఒక మిత్రుడు, 'మంచుముక్కల మూస' అని మరొకరు సూచించారు. 'ఐసు ట్రే' అని ఉన్నదున్నట్లు రాసేస్తే పాఠకుడికి వెంటనే తెలుస్తుంది గానీ, తెలుగు రాయవలసినచోట తప్పించుకున్నట్లు అవుతుందేమోనని సంకోచిస్తున్నాను. సభ్యులు తమ అభిప్రాయం చెప్పగలరు.

నీలిసిరా:

పదగవేషి గారూ, 'ఐసు ట్రే' అనే రాయండి, అందులో తప్పించుకోవడమేమీ లేదు. మీకు వచ్చిన రెండు సూచనలూ వస్తువు వైపు చూడకుండా చేసినవిగా ఉన్నాయి. ఫలకమంటే పలక, అంటే బల్లపరుపుగా ఉండేది. లోతైన గళ్ళున్న వస్తువుకు ఆ పేరు పొసగదు. ఘనమన్నది గణితంలో ఆరు సమచతురస్ర ముఖాల ఆకారమే అయినా, భౌతికశాస్త్రంలో గట్టి పదార్థమంతా ఘనమే కాబట్టి, 'హిమఘనం' అనగానే గట్టిపడిన మంచు మాత్రమే స్ఫురించి ఆకారం సంగతి జారిపోతుంది. 'మూస' మరీ విచిత్రం. కంసాలి వాడుకలో మూస అంటే లోహాన్ని కరిగించే చిన్న పాత్ర. గడ్డకట్టించే వస్తువుకు కరిగించే పాత్ర పేరు పెట్టడం న్యాయమా? పోసినదానికి ఆకారమిచ్చేది అచ్చు. వివరణ తప్పనిసరి అయినచోట 'ఐసు ముక్కల అచ్చు' అనండి, మిగతా చోట్ల ట్రేను ట్రేగానే ఉండనివ్వండి.

నా అసలు అభ్యంతరం పేరు మీద కాదు. ఇటువంటి సూచనల్లో పాఠకుడికి అడ్డుపడేది క్రియ. ట్రే అంటే ఏమిటో అందరికీ తెలుసు; దానితో ఏం చేయాలో చెప్పేచోటనే మన రాతలు కుంటుతున్నాయి. 'ట్రే నుండి మంచు ఘనాలను తొలగించవలెను' అని రాసిన కాగితాన్ని ఈమధ్యనే చదివాను. ఎలా తొలగించాలో ఆ వాక్యంలో లేదు. ఆ ఒక్క పనికి తెలుగులో నాలుగైదు క్రియలున్నాయి, పైగా ఒక్కొక్కటి ఒక్కొక్క రకం ట్రేకే అతుకుతుంది.

గట్టి ప్లాస్టిక్ ట్రేను రెండు కొసలా పట్టుకొని మెలిపెడతాం, ముక్కలు ఊడతాయి. సిలికోన్ ట్రేను అలాగే మెలిపెడితే అది చేతిలో ముడుచుకుపోతుందే తప్ప ముక్క కదలదు. దాని గడి అడుగున బొటనవేలితో నొక్కితే ముక్క పైకి లేస్తుంది. మీట ఉన్న పాతకాలపు అల్యూమినియం ట్రేలో మీటను ఎత్తగానే మధ్యనున్న అడ్డుపలకలు పక్కకు ఒరిగి, ఒకే పలకగా ఉన్న గడ్డ పెటపెటలాడుతూ విరిగి ముక్కలుగా విడిపోతుంది. గడుల గోడలు బాగా ఏటవాలుగా ఉన్న ట్రేను బోర్లించి, దాని వీపు మీద కాసేపు కుళాయి నీళ్ళు పారిస్తే ముక్కలు వాటంతట అవే రాలతాయి. ఊడడం, లేవడం, విడిపోవడం, రాలడం అన్నవి ఇక్కడ పర్యాయపదాలు కావు. సరైన క్రియ వాడారంటే ఎంపిక గురించి సగం చెప్పేసినట్లే, ఎందుకంటే కొనేవారు వేసుకోవలసిన మొదటి ప్రశ్న 'ఇందులోంచి ముక్క ఎలా వస్తుంది?' అన్నదే. చేతుల్లో పట్టు తక్కువగా ఉన్నవారికి మెలిపెట్టే ట్రే పనికిరాదు. వేలితో నొక్కే రకమో, నీళ్ళు పారించి రాల్చే రకమో కావాలి.

ముక్క గోడను ఎందుకు పట్టుకుంటుందో కూడా ఒక వాక్యంలో చెప్పండి. గడ్డ గట్టిది, గోడ కూడా గట్టిదైతే ఎవరూ ఎవరినీ వదలరు. గోడ వంగేదైతే గడ్డ దానితోపాటు వంగలేక ఊడుతుంది. లాయిడ్ గ్రాఫ్ కోప్‌మన్ అనే అమెరికన్ ఆవిష్కర్త తన రబ్బరు బూట్ల మీది మంచు అంటుకొని ఉండకుండా సులువుగా ఊడిపోవడం గమనించి, 1928లో రబ్బరు ఐసు ట్రేల మీద పని మొదలుపెట్టాడు. నేటి సిలికోన్ ట్రే పనిచేసేది కూడా ఆ సూత్రం మీదనే.

ఇక 'పెళుసు' అన్న మాటను మరచిపోకండి. ఫ్రీజరులో సుమారు −18 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉండి వచ్చిన ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది. తీసిన మరుక్షణమే మెలిపెడితే గడి మూలలో సన్నని బీట పడుతుంది. మరుసటిసారి నీళ్ళు పోసినప్పుడు గానీ అది కనబడదు, అప్పటికి కింది అరలో ఒక గడ్డ వేలాడుతూ ఉంటుంది. ఒకటి రెండు నిమిషాలు బయట ఉంచితే ముక్క చుట్టూ పలుచని నీటిపొర ఏర్పడి పట్టు సడలుతుంది. 'పట్టు సడలాక మెలిపెట్టండి' అని మూడు మాటలు రాస్తే చాలు, ట్రే ఆయుష్షు పెరుగుతుంది.

తూనికరాళ్ళు:

నీలిసిరా గారి వాదనలో క్రియల మాట ఒప్పుకుంటాను. అయితే 'ముక్క' అన్న పదం మీద నాకు అనుమానం ఉంది. ముక్క అంటే పెద్దదాన్ని విరగ్గొట్టగా వచ్చిన భాగం కదా! మీట ట్రేలో విరిగి వచ్చినదాన్ని ముక్క అనవచ్చు గానీ, సిలికోన్ గడిలో విడిగా గడ్డకట్టినది ఎందులో ముక్క? దాన్ని 'గడ్డ' అనడమే న్యాయం.

ఇంకొక సంగతి. నీళ్ళు పోయడం గురించి రాసేటప్పుడు 'నీరు వ్యాకోచిస్తుంది' అని రాయవద్దని మనవి. బడిలో వ్యాకోచాన్ని వేడితోనే ముడిపెట్టి నేర్పారు కాబట్టి, చలికి వ్యాకోచించడమేమిటని చదివేవారు తికమకపడతారు. 'పొంగుతుంది' అంటే మరీ పొరపాటు, పాలు పొంగినట్లు మరగడం గుర్తుకు వస్తుంది.

నీలిసిరా:

తూనికరాళ్ళు గారూ, పేకముక్కను ఎవరూ దేన్నీ విరగ్గొట్టి తీయలేదు. లెక్కపెట్టదగిన విడి వస్తువును ముక్క అనడం వాడుకలో ఉన్నదే. 'గడ్డ' అంటే ఆకారం లేని పెద్ద దిమ్మ కూడా కావచ్చు. గ్లాసులో రెండు గడ్డలు వేయమంటే ఎంతెంతవో అర్థం కాదు, రెండు ముక్కలంటే తెలుస్తుంది.

వ్యాకోచం విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. అక్కడ 'ఉబ్బు' సరిపోతుంది. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుంది, ఎందుకంటే మంచులో అణువులు ఒకదానికొకటి నిర్ణీత దూరంలో షట్కోణపు అమరికలో నిలబడి, మధ్యలో ఖాళీ వదులుతాయి. గోడలు పక్కకు జరగనివ్వవు కాబట్టి ఆ ఉబ్బు దాదాపు అంతా పైకే వస్తుంది. గడిలో 3 సెంటీమీటర్ల లోతు నీళ్ళున్నాయనుకుంటే పైకి వచ్చేది దాదాపు 3 మిల్లీమీటర్లు. గళ్ళను అంచుదాకా నింపితే ముక్కలన్నీ పైన ఒకే అట్టుగా కలిసిపోయి, ఎంత మెలిపెట్టినా విడివిడిగా రావు. దీనికి తెలుగులో ఒక చక్కని మాట సిద్ధంగా ఉంది: వెలితి. 'ప్రతి గడిని అంచుకు 3 మిల్లీమీటర్ల వెలితితో నింపండి' అంటే కొలత, పని రెండూ ఒక్కచోటే వచ్చేస్తాయి. (నిండుకుండ తొణకదన్న సామెత ఐసు ట్రేకు ఏమాత్రం వర్తించదు. నిండుగా ఉన్న సిలికోన్ ట్రేను చేత్తో ఎత్తి చూస్తే తెలుస్తుంది. దాన్ని ముందుగా గట్టి పళ్ళెంలో ఉంచి, ఆ పైన నీళ్ళు పోసి, పళ్ళెంతోసహా ఫ్రీజరులో పెట్టాలి.)

పదగవేషి:

ఇద్దరికీ ధన్యవాదాలు. 'వెలితి', 'పట్టు సడలడం' రెండింటినీ వెంటనే తీసుకున్నాను. మరో మూడుచోట్ల సహాయం కావాలి. మొదటిది, ట్రేకు ఫ్రీజరులోని ఇతర పదార్థాల వాసన అంటడం. రెండవది, చాలారోజులు కదపకుండా ఉంచిన ముక్కలు చిన్నవైపోవడం. దీన్ని నేను 'ఉత్పతనం చెందుట' అని రాశాను. మూడవది, పెద్ద గడులున్న ట్రే మంచిదా, చిన్న గడులున్నది మంచిదా అన్న భాగం. 'పెద్ద ముక్కలు కరగకుండా పానీయాన్ని చల్లబరుస్తాయి' అని మూలంలో ఉంది.

నీలిసిరా:

మొదటిదానికి 'వాసన పడుతుంది' అంటే చాలు. సిలికోన్ గట్టి ప్లాస్టిక్ కంటే తొందరగా వాసన పడుతుంది. మూత ఉన్న ట్రేను ఎంచుకుంటే ఈ బెడద బాగా తగ్గుతుంది. వాసన పట్టిన ట్రేను వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటిలో నానబెట్టి, కడిగి, పూర్తిగా ఆరనివ్వాలని రాయండి. నీటి గురించి కూడా ఒక హెచ్చరిక చేర్చండి: చలికి సూక్ష్మజీవులు చాలావరకు చావవు, ఎదగకుండా ఆగుతాయి అంతే. తాగడానికి పనికిరాని నీరు గడ్డకట్టినంత మాత్రాన శుభ్రపడదు.

రెండవదానికి 'ఉత్పతనం' శాస్త్రపరంగా తప్పు కాదు గానీ, వంటింటి కాగితంలో ఎవరు చదువుతారు? మంచు నీరు కాకుండానే నేరుగా ఆవిరి అవుతుంది, మంచు పేరుకోని ఫ్రీజర్లలో ఫ్యాను తిప్పే పొడిగాలి ఆ పనిని ఇంకా తొందరపెడుతుంది. 'కరగకుండానే తరిగిపోతాయి' అనండి. కరుగు, తరుగు రెండూ పక్కపక్కన నిలబడి తేడాను తామే చెబుతాయి. పనిలోపనిగా, ముక్కలు గట్టిపడగానే ఊడదీసి మూతగట్టిగా ఉన్న డబ్బాలో వేయమని రాస్తే తరుగు, వాసన రెండూ తగ్గుతాయి, ట్రే కూడా మళ్ళీ నింపుకోవడానికి ఖాళీ అవుతుంది.

మూడవచోట మూలమే తప్పుదారి పట్టించింది. ఐసు చల్లబరచేది ప్రధానంగా కరిగే. ఒక గ్రాము మంచు కరగడానికి దాదాపు 80 కేలరీల వేడి కావాలి, ఆ వేడిని అది పానీయంలోంచి లాక్కుంటుంది. −18 డిగ్రీలనుంచి 0 డిగ్రీలకు రావడానికి అదే గ్రాము తీసుకునేది 9 కేలరీలు మాత్రమే. కరగని ఐసు చల్లబరచేది కొంచెమే అన్నమాట. పెద్ద ముక్క నిజంగా చేసేది నిదానంగా కరగడం. 4 సెంటీమీటర్ల భుజమున్న ఒక ముక్కలోని మంచు, 2 సెంటీమీటర్ల ముక్కలు ఎనిమిదింటిలోని మంచుతో సమానం. కానీ పానీయానికి తగిలే ఉపరితలం పెద్దదానికి 96 చదరపు సెంటీమీటర్లు, ఆ ఎనిమిదింటికీ కలిపి 192. అందువల్ల చిన్నవి గబగబా చల్లబరుస్తాయి, పెద్దది చల్లదనాన్ని ఎక్కువసేపు నిలుపుతుంది, దాంతో నెమ్మదిగా తాగేవారి గ్లాసు నీళ్ళుబారడం ఆలస్యమవుతుంది. 'చల్లబరచడానికి చిన్న గడులు, చల్లగా నిలపడానికి పెద్ద గడులు' అని మార్చండి. ఇక్కడ 'చల్లారు' వాడకండి. అది వేడిగా ఉన్నది మామూలు స్థితికి రావడానికి చెప్పే మాట.

తూనికరాళ్ళు:

ఆ భాగంలోనే ముక్క నడుమ కనిపించే తెల్లదనం గురించి కూడా రాస్తే బాగుంటుంది. చాలామంది దాన్ని మురికి అనుకుంటారు. ట్రేలో నీరు అన్నివైపులనుంచీ లోపలికి గడ్డకడుతూ వస్తుంది, దానిలో కరిగి ఉన్న గాలి, లవణాలు మంచులో ఇమడలేక నడిమధ్యకు తరుముకుపోయి అక్కడ చిక్కుకుంటాయి. నీటిని ముందే మరిగించినా తేడా స్వల్పమే. పక్కలకూ అడుగుకూ చలి తగలకుండా మందపాటి తొడుగు ఉండి, పైన మాత్రం తెరచి ఉన్న ట్రే అయితే గడ్డ పైనుంచి కిందికే దిగుతుంది, తెల్లని భాగమంతా అడుగుకు చేరుతుంది, దాన్ని వేరుచేస్తే పైది అద్దంలా వస్తుంది. ఇటువంటిదాన్ని 'పారదర్శక మంచు' అనడం కంటే 'తేట ఐసు' అనడం నాకు నచ్చుతుంది. తేటనీరు ఉన్నప్పుడు తేట ఐసు ఎందుకు ఉండకూడదు?

పదగవేషి:

'తేట ఐసు' బాగుంది, తీసుకుంటున్నాను. చివరగా ఒక చిన్న సందేహం. బట్టీపట్టిన నీరు, అంటే స్వేదనజలం పోసినప్పుడు ఒక్కొక్క ముక్క నెత్తిన మంచు సూదిలా నిటారుగా లేస్తోంది. ట్రే లోపమేమో అని అడిగేవారికి జవాబు రాయాలి, దానికి పేరు కూడా కావాలి.

నీలిసిరా:

అది ట్రే లోపం కాదు. నీటి పైపొర అంచులనుంచి నడిమికి గడ్డకడుతూ వచ్చి చివరికి ఒక చిన్న రంధ్రం మిగులుతుంది. అడుగున గడ్డకడుతున్నది ఉబ్బుతూ ఉంటుంది, మిగిలిన నీటికి పోవడానికి ఆ రంధ్రం తప్ప దారి ఉండదు. పైకి తోసుకువచ్చిన నీరు రంధ్రం అంచునే గడ్డకట్టి, సన్నని గొట్టంలా పెరిగి, కొన మూసుకునేసరికి సూదిలా నిలుస్తుంది. లవణాలున్న మామూలు నీటిలో ఇది అరుదు, స్వేదనజలంలో తరచుగా కనిపిస్తుంది. పేరుకు 'మంచుముల్లు' అనండి, క్రియకు 'మొలుచు'. 'ముక్క మీద మంచుముల్లు మొలిస్తే ట్రేను మార్చనక్కరలేదు. పై ట్రేకు ముల్లు తగలకుండా రెంటి మధ్య కొద్దిగా ఎడం ఉంచండి' అని రాయవచ్చు. అన్నట్టు, స్వేదనజలానికి 'బట్టీపట్టిన నీరు' అన్నారు, ఆ మాట తప్పు కాదు గానీ, చదివేవారికి ముందుగా పాఠాన్ని బట్టీపట్టడమే గుర్తుకు రావచ్చు. అక్కడ 'స్వేదనజలం' అనే ఉంచండి.