వాడిన ప్రెస్-ఆన్ గోళ్ల లోపలి జిగురును పాడుకాకుండా తొలగించడం ఎలా?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. మా చెల్లెలి పెళ్లి కోసం బరంపురంలో 24 ప్రెస్-ఆన్ గోళ్లు (మన గోళ్లపై అతికించుకునే కృత్రిమ గోళ్లు) ఉన్న పెట్టె ఒకటి కొన్నాను. అందులో నా వేళ్లకు సరిగ్గా సరిపోయినవి పదే కాబట్టి, వాటిని పారవేయకుండా దసరాకు మళ్లీ పెట్టుకోవాలని నా కోరిక.

గోరువెచ్చని సబ్బు నీటిలో పావుగంట నానబెట్టి, అంచుల నుండి నెమ్మదిగా కదిలిస్తూ తీయడం వలన ఒక్కటి కూడా విరగలేదు. అయితే లోపలి వైపు జిగురు గట్టిగా పేరుకుపోయింది. అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్‌ను దూదితో ఒక గోటికి అద్దగా, జిగురుతో పాటు ప్లాస్టిక్ కూడా మెత్తబడి, పైనున్న మెరూన్ రంగు చెదిరిపోయింది. ఈ గోళ్లను సాధారణంగా ఏబీఎస్ ప్లాస్టిక్‌తో చేస్తారనీ, దానిని అసిటోన్ కరిగిస్తుందనీ ఆ తరువాతే తెలుసుకున్నాను. అందమైన ఆ గోరు పోయినందుకు చాలా బాధ కలిగింది.

మిగిలిన తొమ్మిదింటి జిగురును నెయిల్ ఫైల్‌తో అరగదీస్తే గోరు పలచబడి వంపు పోతుందా? తరువాత 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే రంగుకూ, అతికించిన రాళ్లకూ హాని కలుగుతుందా? ఈసారి జిగురుకు బదులుగా రెండు వైపులా అంటుకునే స్టిక్కర్లు వాడదామనుకుంటున్నాను; అంట్లు తోమి, బట్టలు ఉతికే చేతులకు అవి ఒక పూటైనా నిలుస్తాయా? చెల్లెలు కూడా ఇవే అడుగుతోంది గానీ, గోటి కింద తడి నిలిస్తే ఫంగస్ వచ్చే ప్రమాదం ఉన్నందున, శుభ్రం చేసినా ఒకరివి మరొకరు పెట్టుకోవచ్చో లేదో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.