టేస్ తర్వాత పర్ఫ్యూజన్ సీటీ: అవసరమా, దండగ ఖర్చా?

పెద్దకొడుకు:
మా నాన్నకి 64. లివర్ క్యాన్సర్ గడ్డకి మూడు నెలల కిందట టేస్ చేశారు. అంటే గడ్డకి రక్తమిచ్చే ఆర్టరీలోకి మందు ఎక్కించి, ఆ దారి మూసేశారు. మొన్న ట్రైఫేజిక్ సీటీలో (కాంట్రాస్ట్ మందు ఎక్కించి మూడు దశల్లో తీసేది) "అంచున అనుమానం" అని రాశారు. ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్‌కి చేసే రక్తపరీక్ష) నార్మల్. ఒక డాక్టరు పర్ఫ్యూజన్ సీటీ తీయించమన్నారు, ఇంకొకాయన దండగన్నారు. ఎవరి మాట వినాలి?

రాత్రిడ్యూటీ (సీటీ టెక్నీషియన్‌ని):
తీయించండి. మామూలు లివర్‌కి రక్తం ముప్పాతిక వంతు పోర్టల్ సిర నుంచి వస్తుంది. ఈ క్యాన్సర్ గడ్డ మాత్రం దాదాపుగా ఆర్టరీ మీదే బతుకుతుంది. పర్ఫ్యూజన్‌లో ఒకే చోటును సెకన్ల తేడాతో పదే పదే తీసి, ఏ దారిన ఎంత రక్తం వస్తోందో లెక్కగడతాం. "అనుమానం" అనే మాట కంటే అంకె నయం కదా.

గోదారిగట్టు (రేడియాలజీ):
ఆ అంకె నిలబడితే నయమే. ఒకే స్కాన్‌ని రెండు కంపెనీల సాఫ్ట్‌వేర్లలో పెడితే రెండు అంకెలు రావచ్చు. ఇంత దాటితే తిరగబెట్టినట్టే అని అందరూ ఒప్పుకున్న గీతా లేదు. రేడియేషన్ డోసు అదనం. లివర్ గడ్డల స్కాన్లను ఎలా చదవాలో నియమాలు రాసే లైరాడ్స్ వాళ్లు చికిత్స తర్వాతి నియమాలను 2024లో మార్చారు, రేడియేషన్ ఇచ్చిన గడ్డలకి వేరు, ఇవ్వనివాటికి వేరు. అందులోనూ సీటీలో చూడమన్నది మామూలు కాంట్రాస్ట్ ఫేజులే.

పెద్దకొడుకు గారూ, రెండు ప్రశ్నలు. టేస్‌లో మందుతో కలిపి ఎక్కించే లిపియోడాల్ అనే నూనె వాడారా? వాడితే అది సీటీలో సున్నం కొట్టినట్టు తెల్లగా కనిపిస్తుంది, దాని పక్కన కాంట్రాస్ట్ ఎక్కిందో లేదో పర్ఫ్యూజన్‌లోనూ తేల్చడం కష్టం. ఎమ్మారైకి ఆ బెడద తక్కువ. రెండోది, చికిత్సకి ముందు ఏఎఫ్‌పీ ఎంత? అప్పుడూ నార్మలే అయితే ఇప్పటి నార్మల్‌ని చూసి ధైర్యపడకండి.

రాత్రిడ్యూటీ:
లిపియోడాల్ మాట ఒప్పుకుంటా సార్. మరి ఆర్‌ఎఫ్‌ఏతో, అంటే గడ్డలోకి సూది దించి వేడితో, కాల్చిన గడ్డలకో? చుట్టూ వాపు ఎర్రదనమా, మిగిలిన గడ్డా అని తేల్చడానికి పనికొస్తుంది కదా?

గోదారిగట్టు:
సమానంగా, పలచగా ఉన్న రింగు అయితే వాపే, కొన్ని నెలల్లో తగ్గుతుంది. ఒక పక్కనే ముద్దలా ఉబ్బితే అనుమానించాలి. అది చాలావరకు కంటికే తెలుస్తుంది. తెలియని ఆ కొద్ది కేసుల్లో మీ పర్ఫ్యూజన్‌కి చోటుంది, కాదనను.

చింతచెట్టు:
మా మామగారికి తీశారు. పొట్ట మీద బెల్టు బిగించి, మెల్లగా ఊపిరి తీసుకోమన్నారు. సగంలో దగ్గు తెర. "కదలిక వల్ల విలువలు నమ్మలేం" అని రిపోర్టు. డబ్బు మాత్రం పూర్తిగా కట్టించుకున్నారు! చివరికి ఎమ్మారైలోనే తేలింది.

రాత్రిడ్యూటీ:
దగ్గున్నవాళ్లని ఆ రోజు వెనక్కి పంపాలండీ. అది మా వైపు తప్పే.

పెద్దకొడుకు:
డిశ్చార్జి కాగితాలు వెతికాను. లిపియోడాల్ అని ఉంది. అప్పటి ఏఎఫ్‌పీ కూడా నార్మలే. గురువారం ఎమ్మారైకి రమ్మన్నారు. నాన్నకి ఆ గొట్టంలోకి వెళ్లాలంటేనే భయం.

గోదారిగట్టు:
ముందే చెప్పండి, అవసరమైతే కాస్త మత్తు ఇస్తారు. క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) రిపోర్టు, పాత సీటీ సీడీ రెండూ వెంట తీసుకెళ్లండి. సీడీ మర్చిపోతే పోల్చడానికేమీ ఉండదు.