లైకులు వస్తున్నాయి, చీరలు కదలట్లేదు. కొనేవాళ్ల మనసులో ఏముందో తెలిసేదెలా?

అడిగింది: మగ్గం ఇంటి కోడలు, మంగళగిరి

నమస్తే అండీ. మా మామగారు గుంట మగ్గం మీద నేస్తారు. ఆ చీరలు నేను ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లలో అమ్ముతాను. పోయిన నెల ఆయన నేస్తున్న వీడియో పెడితే 900 లైకులు వచ్చాయి. ఆ వారం అమ్ముడైనవి 2 చీరలే. ధర అడుగుతారు, చెప్పగానే మళ్లీ పలకరు. ధరే ఎక్కువేమోనని చీరకు 150 తగ్గించాను, అయినా అంతే. దసరాకి 40 చీరలు నేయించాలి. నేరేడు రంగా, గంధం రంగా, బార్డర్ పెద్దదా చిన్నదా, ఏమీ తేల్చుకోలేకపోతున్నాను. నూలుకి, జరీకి ముందే డబ్బు పెట్టాలి కాబట్టి చాలా టెన్షన్‌గా ఉంది. మీరు ఎలా తెలుసుకుంటారు?

జవాబు: కొయ్యబొమ్మల షాపు, ఏలూరు

ఇన్‌స్టాగ్రామ్‌లో మీది మామూలు అకౌంట్ అయితే ముందు ప్రొఫెషనల్‌కి మార్చుకోండి మేడమ్, డబ్బేమీ కట్టక్కర్లేదు. అందులో ఇన్‌సైట్స్ అని లెక్కలు చూపించే పేజీ వస్తుంది, అక్కడ మీ ఫాలోయర్లు ఏ ఊళ్లవాళ్లో, ఏ వయసువాళ్లో, ఏ టైమ్‌లో ఎక్కువగా చూస్తారో కనిపిస్తుంది. లైకులకంటే 'సేవ్' ఎంతమంది చేశారో చూడండి. తర్వాత కొనాలనుకున్నవాళ్లే ఎక్కువగా దాచుకుంటారు.

జవాబు: పచ్చళ్ల అక్క, తెనాలి

చెల్లీ, నేను ఆరేళ్లుగా పచ్చళ్లు అమ్ముతున్నాను. నా దెబ్బ ఒకటి చెప్తాను, నీకు అది తగలకూడదు.

ఒక కార్తీకంలో స్టోరీలో పోల్ పెట్టాను, గోంగూరా, ఉసిరికాయా అని. పదిమందిలో ఎనిమిదిమంది ఉసిరికాయే అన్నారు. నమ్మి 30 కిలోలు పెట్టాను. అమ్ముడైంది 9 కిలోలు. మిగతాది చుట్టాలకి పంచలేక, పారేయలేక ఏడ్చాను. వేలితో నొక్కడానికి ఎవరి డబ్బూ పోదు కదా! అప్పటినుంచి పోల్ పెట్టినా, ఏదైనా కొత్తది చేసేముందు 100 రూపాయలు అడ్వాన్స్ తీసుకుంటాను. ఎంతమంది కడితే అంతమందికే.

నాకు నిజంగా పనికొచ్చింది ఒక లాంగ్ నోట్‌బుక్. కామెంట్లలోగానీ మెసేజ్‌లోగానీ ఎవరు ఏం అడిగినా, వాళ్ల మాటల్లోనే, తేదీ వేసి రాస్తాను. ఒక రాత్రి 11 గంటలకు ఒక హాస్టల్ పిల్ల అడిగింది, "ఆంటీ, రూమ్‌లో ఫ్రిజ్ లేదు, పావుకిలో సీసా ఎన్నాళ్లు ఉంటుంది?" అని. రాశాను. పేజీ వెనక్కి తిప్పితే అదే మాట ఇంకో ఆరుగురు అడిగి ఉన్నారు. నేనేమో అప్పటిదాకా కిలో డబ్బాలే అమ్ముతున్నాను. ఇప్పుడు నా అమ్మకాల్లో సగం పావుకిలో సీసాలే, పైన ఎన్నాళ్లు నిల్వ ఉంటుందో రాసిన చీటీతో.

పొగిడినవాళ్లని పక్కన పెట్టు. అడిగి వెళ్లిపోయినవాళ్లు చివరగా ఏం అడిగారో చూడు. అక్కడే ఉంటుంది నీకు కావాల్సింది.

జవాబు: కొయ్యబొమ్మల షాపు, ఏలూరు

అక్క చెప్పింది నిజం. వాట్సాప్ బిజినెస్‌లో లేబుల్స్ ఉంటాయి, అంటే చాట్‌లను విడదీసుకోవడానికి తగిలించే పేర్లు. నేను 'అడిగి ఆగినవాళ్లు' అని ఒకటి పెట్టుకుని, వారం తర్వాత ఒక్కసారి మాత్రం మర్యాదగా అడుగుతాను, "నచ్చనిది ఏదైనా ఉంటే చెప్పండి, సరిచేసుకుంటాం" అని. చాలామంది చెప్తారు. అంతకుమించి వెంటపడితే బ్లాక్ చేస్తారు. ఇంకో మాట, కస్టమర్ల చాట్‌లు పేర్లతో, నంబర్లతో స్క్రీన్‌షాట్ తీసి పెట్టకండి. అది వాళ్ల నమ్మకం.

మళ్లీ: మగ్గం ఇంటి కోడలు

అక్కా, రాత్రి కూర్చుని మూడు నెలల మెసేజ్‌లన్నీ నోట్‌బుక్‌లో ఎక్కించాను. కొనకుండా ఆగినవాళ్లు 61 మంది. అందులో 23 మంది చివరి ప్రశ్న "రంగు దిగుతుందా?" అనే. "జాకెట్ ముక్క వస్తుందా?" అని 14 మంది. ధర ఎక్కువన్నవాళ్లు 9 మందే! రంగు గురించి అడిగిన ప్రతివాళ్లకీ నేను "దిగదండి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. వాళ్లెలా నమ్ముతారు?

పొద్దున మామగారికి ఈ లెక్క చూపించాను. కాసేపు ఆ పేజీనే చూస్తూ కూర్చున్నారు. తర్వాత బీరువాలోంచి నేరేడు రంగు చీర తీసి, బకెట్‌లో నీళ్లు పట్టి, "ఫోన్ తీసుకురా అమ్మా, అందరి ముందే తడుపుదాం" అన్నారు. తెల్ల తువ్వాలు ఒకటి పక్కన పెట్టుకున్నాం, తడిచీర దాని మీద ఒత్తి చూపించడానికి. ఇప్పుడే పెరట్లోకి వెళ్తున్నాను.