అప్‌డేట్: ఐస్‌డ్ కాఫీ ఇక నీళ్లగా రావట్లేదు

ఇన్‌స్టంట్ పొడితో చేసే ఐస్‌డ్ కాఫీ పలచగా ఉంటోందని, పొడి ఉండలు తేలుతున్నాయని, చక్కెర అడుగునే మిగిలిపోతోందని అడిగాను కదా. మీ సలహాలతో మూడూ తీరాయి. అందరికీ థాంక్స్!

ఒక పెద్ద గ్లాసుకి కొలత ఇది: రెండు టీస్పూన్ల పొడి, రెండు టీస్పూన్ల చక్కెర, మూడు టేబుల్‌స్పూన్ల వేడినీళ్లు. పలుకు కనబడకుండా పూర్తిగా కరిగే దాకా కలపాలి. చల్లటి పాలలో చక్కెర కరగడానికి చాలాసేపు పడుతుంది, పొడి ఉండ కడుతుంది. అందుకే కరిగించే పనంతా ఇక్కడే అయిపోవాలి. ఈ డికాషన్‌ని అయిదు నిమిషాలు ఆరనిచ్చి, ఆరేడు ఐస్ ముక్కల మీద పోసి, 150 మి.లీ. చల్లటి పాలు కలపాలి. వేడి మీదే పోస్తే సగం ఐస్ అక్కడే కరిగిపోతుంది. పలచబడేది అందుకే.

పాలు కాచి, ఫ్రిజ్‌లో పెట్టి, వాడే ముందు వడకట్టండి. లేకపోతే మీగడ తునకలు నోటికి తగులుతాయి, అది అస్సలు బాగుండదు.

పొడి విషయానికొస్తే, బ్రూ ఇన్‌స్టంట్, సన్‌రైజ్‌లలో చికోరీ (కాఫీలో కలిపే వేయించిన వేరు పొడి) ఉంటుంది కాబట్టి రంగు, చిక్కదనం బాగా వస్తాయి. నెస్కెఫే క్లాసిక్‌లో చికోరీ ఉండదు, చేదు సూటిగా తెలుస్తుంది. పాలు ఎక్కువ పోసుకునేవాళ్లకి నా ఓటు చికోరీకే.

ఇంకా చిక్కగా కావాలంటే మామూలు ఐస్ బదులు కాఫీనే ట్రేలో గడ్డకట్టించి వేసుకోండి.